హాస్యనటునిలోని గాంభీర్యము: ధర్మవరపు సుబ్రహ్మణ్యం కళాజీవితము

(గడ్డిఅన్నారంలో చేసిన స్మారకోపన్యాసపాఠము)



కథానాయకులుగా వెలిగినవారి జన్మదినములను పండుగలుగా జరుపుకొనుట, మహాకవుల వర్ధంతులకు సభలు కూర్చుట మనకు చిరకాలముగా అలవడిన ఆచారమే గాని, రెండున్నర గంటల చిత్రములో పది నిమిషములు మాత్రమే కనుపించి, ఆ పది నిమిషములలోనే మన పక్కబల్ల ఉద్యోగియై, మనకు పాఠము చెప్పిన మేష్టారై, మన వీధి చివరి ఇంటి పెద్దమనిషియై నవ్వించి వెడలిపోయిన సహాయనటుని కొరకు ఒక సాయంకాలమును ప్రత్యేకించుకొని కూర్చుండుట మాత్రము మనలో అరుదు. అట్టి సభలో మాటలాడు అవకాశము లభించినందుకు సంతోషించుచు, కీర్తిశేషులు ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారి నటజీవితమును గూర్చి నాకు తోచిన మాటలు విన్నవించుకొందును. నేను ప్రతిపాదింపదలచినది ప్రధానముగా ఒక్కటే: ఆయన హాస్యమునకు ప్రాణము గాంభీర్యము, ఆ గాంభీర్యము నిండుగా వికసించినది వెండితెర మీద కంటె దూరదర్శన్ చిన్నతెర మీదనే, కావున ఆయనను రాబోవు తరములకు అందింపదలచినచో ముందుగా కాపాడుకొనవలసినది ఆ చిన్నతెర కృషిని.

ఈ సభ గడ్డిఅన్నారంలో జరుగుట ఎంతయు సముచితము. కాలేయ క్యాన్సరుతో బాధపడిన ఆయన 2013 డిసెంబరు 7వ తేదీ రాత్రి కన్నుమూసినది ఇక్కడికి కూతవేటు దూరములోని చైతన్యపురిలోనే. చిత్రసీమలో ఒక స్థానము లభించినంతనే ఫిల్మ్‌నగర్ వైపు, జూబ్లీహిల్స్ వైపు నివాసము మార్చుకొనుట వాడుకయైన కాలములో కూడ ఆయన పేరు ఈ దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతముతోనే ముడివడి యుండెను. ఈ ప్రాంతపు స్వభావము మీకు నేను చెప్పనక్కరలేదు. విజయవాడ రహదారి మీద నల్లగొండ, ఖమ్మం, గుంటూరు, ప్రకాశం జిల్లాల నుండి బస్సులో వచ్చువారికి మొట్టమొదట ఎదురుపడు నగరము ఇదియే. ఎల్‌బీ నగర్ దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో సంచి భుజాన వేసికొని దిగి, ఒక గది అద్దెకు తీసికొని, ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాసికొని, క్రమముగా ఇక్కడనే ఇల్లు కట్టుకొని స్థిరపడినవారి సంతతియే నేడు ఈ కాలనీలను నింపియున్నది. 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థ ఏర్పడి తనలో కలుపుకొనువరకు గడ్డిఅన్నారం ఒక ప్రత్యేక పురపాలక సంఘము. ఆ తరువాత మన కన్నుల ముందే 2018లో మెట్రో రైలు వచ్చినది, పేరెన్నికగన్న పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయినది. కాని కోచింగ్ సెంటరు మెట్ల మీద గంటలతరబడి నిలుచుండి ఉద్యోగప్రకటనలు చదువుకొను యువకుడు, పదవీవిరమణానంతరము పింఛను కాగితములను ప్లాస్టిక్ సంచిలో భద్రపరచుకొని తిరుగు పెద్దమనిషి, ఈ ఇద్దరును మారలేదు. ధర్మవరపు హాస్యలోకములోని పౌరులు వీరే. మరియొక విశేషము గమనింపుడు: మూసారాంబాగు వంతెన మీదుగా మూసీనది దాటి అంబర్‌పేట గడచినచో రామంతాపురమున దూరదర్శన్ కేంద్రము, తూర్పుగా హయత్‌నగర్ దాటి పోయినచో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ. దూరదర్శనమునకును చలనచిత్రమునకును నడుమ నున్న ఈ ప్రాంతము ఆయనకు నివాసయోగ్యముగా తోచుటలో ఆశ్చర్యము లేదు.

విషయములో ప్రవేశించుటకు ముందు హాస్యమును గూర్చి పూర్వులు చెప్పిన మాట నొకదానిని తలచుకొనుట అవసరము. భరతముని నాట్యశాస్త్రమున షష్ఠాధ్యాయములో హాస్యరసమును రెండు విధములుగా విభజించినాడు: నటుడు తానే నవ్విన అది ఆత్మస్థము, ఇతరులను నవ్వించిన అది పరస్థము. స్మితము, హసితము ఉత్తమప్రకృతులకు; విహసితము, ఉపహసితము మధ్యములకు; అపహసితము, అతిహసితము అధములకు అని ఆరు భేదములు గూడ చెప్పినాడు. వికృతమైన వేషము, అసందర్భమైన అలంకారము, అసత్ప్రలాపము మొదలగునవి హాస్యమునకు విభావములని ఆయన పరిగణించినాడు. మన రంగస్థలము మీదను, తొలినాటి చలనచిత్రములలోను హాస్యగానికి పిలక, బుర్రమీసము, పొట్టిపంచె, మెడలో పులిగోరు మొదలగు సంభారమంతయు చేర్చుట ఈ విభావములను స్థూలముగా గ్రహించిన ఫలితమే. కాని విభావములు లేకుండ, వేషమునందు ఏ వికారమును లేకుండ, ఇస్త్రీ చేసిన చొక్కా, కండ్లద్దములు, చేతిలో ఒక ఫైలు మాత్రమే ధరించి వచ్చి, తానొక్క మారైనను నవ్వక, ఎదుటివారిని కడుపుబ్బ నవ్వించు విద్య కష్టసాధ్యము. అది పరస్థహాస్యమునకు పరాకాష్ఠ. ఆ విద్యను ఉపాసించినవారిలో ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారు అగ్రశ్రేణిలోనివారు.

ఆయన 1954 సెప్టెంబరు 20న ప్రకాశం జిల్లా కొమ్మినేనివారిపాలెమున జన్మించినారు. ఆ జిల్లా నాటకమునకును ఉద్యమమునకును ఒకేసారి పుట్టినిల్లు. 1943లో ప్రజానాట్యమండలి అవతరించిన నాటి నుండి కోస్తా జిల్లాలలో కళాకారుడనగా పాటగాడు మాత్రమే గాక, పల్లె అరుగు మీద నిలుచుండి కూలివాని కష్టము, కరణము కుయుక్తి, పటేలు దర్పము ఉన్నవి ఉన్నట్లు అభినయించి చూపువాడు అను భావము స్థిరపడినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్ల ‘మా భూమి’ నాటకము, నాజరుగారి బుర్రకథ ఆ మండలి నడిపిన బాటలోనివే. ఆ మండలి మనకు పాటలనే గాక హాస్యనటులను కూడ ఇచ్చినదను సంగతి తరచుగా మరచిపోవుదుము. మండలికి నాయకులైన గరికపాటి రాజారావుగారు 1953లో ‘పుట్టిల్లు’ చిత్రము తీసినప్పుడు, పాలకొల్లు నుండి వచ్చిన అల్లు రామలింగయ్యగారు అందులోనే తొలిసారిగా తెర కెక్కినారు. నాలుగు దశాబ్దములకు మించి ఆయన తెర మీద చూపిన గుమాస్తాలు, పురోహితులు, దివానులు అందరును ఆ అరుగుల మీద నేర్చిన పరిశీలనకు ఫలములే. ప్రకాశం జిల్లాలోనే, అదే మండలి వాతావరణము నుండి వచ్చిన టి. కృష్ణగారు 1983లో ‘నేటి భారతం’, 1985లో ‘ప్రతిఘటన’ తీసినారు. ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారును యౌవనమున ప్రజానాట్యమండలి నాటకములలో ఆరితేరినవారే.

ఈ శిక్షణను నేను ఇంతగా పేర్కొనుటకు కారణము కలదు. పల్లెలో ఆడు నాటకమునకు తెరలుండవు, దీపములు చాలవు, ప్రేక్షకుడు మూడు గజముల దూరములో నేల మీద కూర్చుండును. అబద్ధమాడిన నటుని ముఖమును వాడు తక్షణమే పసిగట్టును. కరణము పాత్రను ధరించువాడు నిజమైన కరణము ఎదుట కూర్చుండగా అభినయింపవలసి వచ్చును. అట్టి పరీక్షలో నెగ్గినవానికి అతిశయోక్తి మీద మోజు ఉండదు. ఉన్నదానిని ఉన్నంతలో చూపుటయే వానికి పట్టుబడును. అందుచేతనే ఉద్యమనాటకము నుండి వచ్చిన హాస్యనటులలో కోతిచేష్టలు అల్పము, మనుష్యస్వభావజ్ఞానము అధికము. ఇది నా అభిప్రాయము. దీనితో విభేదించు పెద్దలు ఉందురు గాక, నాకు మాత్రము నానాటికి ఇది దృఢపడుచున్నది.

ఆపైన ఆయన ప్రభుత్వోద్యోగియై హైదరాబాదు చేరినారు. తెలుగు హాస్యనటుల చరిత్రలో ఈ ఉద్యోగపర్వము పదే పదే కనుపించుచుండును. రమణారెడ్డిగారు నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. సుత్తి వీరభద్రరావుగారు ఆకాశవాణిలో పనిచేసినవారు. కోట శ్రీనివాసరావుగారు బ్యాంకు ఉద్యోగి. బ్రహ్మానందంగారు అత్తిలిలోను, ఎం.ఎస్. నారాయణగారు భీమవరములోను అధ్యాపకులు, ఏ.వి.ఎస్.గారు పాత్రికేయులు. నాయకపాత్రధారులలో ఎందరో చిన్ననాటనే చిత్రసీమ చేరి లోకముతో నిత్యసంబంధమునకు దూరమైనవారు కాగా, ఈ హాస్యనటులు ముప్పది, నలుబది ఏండ్లు వచ్చువరకు బల్లల ముందు కూర్చుండి, లెక్చరు హాలులలో నిలుచుండి, పై అధికారి చీవాట్లు తిని, ఒకటవ తేదీ కొరకు ఎదురుచూచి, లోకమును చదివినవారు. టపాలు విప్పు గుమాస్తా నుండి సంతకము పెట్టు గెజిటెడ్ అధికారి వరకు ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క కంఠస్వరము ఉండునని, ఫైలు కదలవలసిన నాడు ఆకస్మిక సెలవు పెట్టు సూపరింటెండెంటుకు ఒక ప్రత్యేకమైన దగ్గు ఉండునని, ‘రేపు రండి’ అను రెండు మాటలను దయతోను, కసురుతోను, నిర్లిప్తముగాను, వేదాంతధోరణిలోను పలుకవచ్చునని కచేరీలో పనిచేసినవానికి తెలిసినట్లు మరియొకనికి తెలియదు. ధర్మవరపు నోట పలికిన అధికారభాష ఆ కచేరీలలో చెవితో గ్రహించినదే.

1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. అంతకు పూర్వము 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము పాటు ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని గ్రామములతో సహా ఆరు రాష్ట్రముల పల్లెలకు బోధనాత్మక కార్యక్రమములు చూపిన ప్రయోగము జరిగియుండెను గాని, తెలుగువాని ఇంట దూరదర్శనము ఒక కుటుంబసభ్యునిగా కూర్చుండినది రామంతాపురము నుండి ప్రసారములు మొదలైన తరువాతనే. ఒక వీధికి ఒకటో రెండో పెట్టెలు. శుక్రవారము చిత్రలహరి, ఆదివారము చలనచిత్రము వచ్చునప్పుడు చాపలు పరచుకొని ఇరుగుపొరుగువారు ఆ ఇంట చేరుట. చిత్రము తెరలు తెరలుగా చెదరినప్పుడు మేడ మీద కెక్కి యాంటెనా త్రిప్పుట. ఇవన్నియు ఈ సభలో నడివయసు దాటినవారికి చెప్పకయే తెలియును. అట్టి కాలమున ఆ పెట్టెలో నుండి ధర్మవరపును ఇంటింటికి పరిచయము చేసిన ధారావాహిక ‘ఆనందోబ్రహ్మ’.

‘ఆనందోబ్రహ్మ’ను నేను ఆయన కృషిలో అగ్రస్థానమున నిలుపుదును. దానికి కారణములు చెప్పవలెను. రంగస్థలము మీద హాస్యనటునికి ప్రేక్షకుల నవ్వే తాళము. ఒక మాట విసరి, నవ్వు లేచి పడువరకు ఆగి, అది పూర్తిగా చల్లారక మునుపే రెండవ మాట అందించుట వాని మొదటి విద్య. చలనచిత్రములో ఆ తాళము లేదు. ముక్కముక్కలుగా తీసిన దృశ్యమును కూర్పరి తన బల్ల మీద అతికించును, పలుకులు తరువాత డబ్బింగు గదిలో పెదవుల కదలికకు సరిపడునట్లు మరల చెప్పవలసి వచ్చును, హాస్యమునకు ప్రాణమైన విరామము నటుని చేతి నుండి జారి ఇతరుల అధీనమగును. దూరదర్శన్ స్టూడియోలో పరిస్థితి ఈ రెంటికిని మధ్యస్థము. ఎదుట ప్రేక్షకులు లేరు, కాని దృశ్యము మొదలిడిన తరువాత చాలసేపు తెంపులేక సాగును. రెండు మూడు కెమెరాలు ఒకేసారి చూచుచుండును. పలుకు అక్కడికక్కడనే టేపు మీద కెక్కును. ధనము స్వల్పమగుటచే వెనుకనున్న గోడ అట్టగోడ యని తెలిసిపోవుచుండును. నృత్యము, సంగీతము, విదేశదృశ్యములు మొదలగు ఆడంబరము ఏదియు నటుని ఆదుకొనదు. ముఖము, కంఠము, మాట, ఈ మూడే ఆధారములు. ఎవ్వరును నవ్వని ఆ నిశ్శబ్దములో, ఎక్కడనో ఒంగోలులో, నిజామాబాదులో, కర్నూలులో చాప మీద కూర్చున్న కుటుంబము ఈ మాటకు ఇంతసేపు నవ్వునని మనసులో లెక్కగట్టుకొని ఆగవలయును. ధర్మవరపు ఆ లెక్కలో సిద్ధహస్తులు. మాటను సాగదీసి, కడపటి అక్షరము మీద నిలిపి, కండ్లద్దముల మీదుగా ఒక చూపు చూచి ఆగినప్పుడు, ఆ ఆగుటయే నవ్వునకు బీజమగుచుండెను. మరల మాట అందుకొనునప్పుడు ఏమియు జరుగనట్లు, తాను అత్యంత గంభీరవిషయము ప్రస్తావించుచున్నట్లు, వేరొక స్థాయిలో అందుకొనుచుండిరి.

ఆయన కంఠమును గూర్చి కొంత చెప్పక తప్పదు. అది మధురకంఠము కాదు, గర్జించు కంఠమును కాదు. కొంచెము ముక్కుపుటములలో ధ్వనించుచు, వాక్యాంతమున రాగముగా వ్రాలునట్టిది. సభలో ఉపన్యసించువాని ధోరణి, తరగతిలో హాజరు పిలుచు మేష్టారి ధోరణి, పెండ్లిచూపులలో తన వంశమును వర్ణించుకొను మామగారి ధోరణి ఆ ఒక్క కంఠములోనే ఇమిడియుండెను. శుద్ధమైన గ్రంథస్థభాషలో ఒక మహావాక్యమును ప్రారంభించి, క్రియాపదము చేరుసరికి ఎదుటివాని ముఖము చూచి, గుండె జారి, వాడుకమాటలో కూలబడుట ఆయనకు మాత్రమే చెల్లిన విన్యాసము. ఆ పతనమునందు నవ్వు పుట్టుటకు కారణము, ఆ పెద్దమనిషి పతనమగుచున్నానని ఒప్పుకొనకపోవుటయే. చొక్కా నలిగినను మడత సరిచేసికొని తల పైకెత్తి నిలుచుండునే గాని ఓడిపోతినని అనడు. మధ్యతరగతి మనిషి బ్రతుకులోని విషాదమంతయు అక్కడనే ఉన్నది. గురజాడవారి గిరీశము నుండి చిలకమర్తివారి గణపతి వరకు మన సాహిత్యములోని హాస్యపాత్రలన్నియు తమ దర్జాను తాము నమ్మినవే. పాత్ర తన్ను తాను పరిహసించుకొనదు, లోకమే దానిని చూచి నవ్వును. ధర్మవరపు అభినయము ఆ సాహిత్యసంప్రదాయమునకు తెర మీద కొనసాగింపని నా విశ్వాసము.

చలనచిత్రరంగమున ఆయనకు ద్వారము తెరచినవారు జంధ్యాలగారు. 1989లో వచ్చిన ‘జయమ్ము నిశ్చయమ్మురా’ చిత్రముతో ఆయన వెండితెర కెక్కినారు. ఇది యాదృచ్ఛికము కాదు. 1982 నాటి ‘నాలుగు స్తంభాలాట’తో వీరభద్రరావు, వేలుగార్లను సుత్తిజంటగా లోకమునకు పరిచయము చేసిన జంధ్యాల, 1987లో ‘అహ నా పెళ్ళంట’తో బ్రహ్మానందంగారిని నిలబెట్టిన జంధ్యాల, భాషయే హాస్యమునకు పునాది యని నమ్మిన దర్శకులు. తెలుగు వాక్యపు నడక తెలిసి, ఉచ్చారణలో తప్పులేని నటుడు వారికి కావలెను. నాటకము నుండి వచ్చిన ధర్మవరపు ఆ అవసరమునకు సరిగా అమరినారు. అయినను చిత్రసీమలో ఆయనకు విస్తృతమైన పేరు రావడానికి ఆపైన పన్నెండేండ్లు పట్టినది. 2001లో తేజగారి దర్శకత్వమున వచ్చిన ‘నువ్వు నేను’ చిత్రములో కళాశాల అధ్యాపకునిగా కనుపించిన తరువాత యువప్రేక్షకులు ఆయనను తమవానిగా స్వీకరించినారు. 2003 సంక్రాంతికి గుణశేఖర్‌గారి ‘ఒక్కడు’లో పాస్‌పోర్టు కార్యాలయాధికారిగా ఆయన ధరించిన పాత్ర ఇప్పటికిని జనుల నోట నానుచున్నది. ఈ దిల్‌సుఖ్‌నగర్‌లోని కోణార్క్, వెంకటాద్రి, రాజధాని థియేటర్లలో ఆ నాళ్లలో చిత్రములు చూచిన విద్యార్థులకు, ఉదయము తరగతిలో చూచిన మేష్టారే సాయంకాలము తెర మీద ప్రత్యక్షమైనట్లుండెను.

అధ్యాపకుడు, అధికారి: ఈ రెండు పాత్రలే ఆయనకు మరల మరల లభించుటను కొందరు లోపముగా చెప్పుదురు. నేనట్లు తలంపను. మన సమాజములో సామాన్యునికి అధికారము మొట్టమొదట ఎదురగునది తరగతి గదిలో, రెండవమారు కచేరీ బల్ల వద్ద. ఆ రెండు చోట్లను మనము నోరు మెదపలేము. మార్కులు వారి చేతిలో ఉన్నవి, సంతకము వారి చేతిలో ఉన్నది. ఆ కుర్చీలో కూర్చున్నవాడు గూడ మనవంటి దుర్బలుడే, ప్రేమకు కరుగువాడే, పొగడ్తకు లొంగువాడే యని తెర మీద చూచినప్పుడు మనలో చిరకాలముగా పేరుకొన్న భయము నవ్వుగా మారి వెడలిపోవును. పాస్‌పోర్టు కొరకు, కులధ్రువీకరణ పత్రము కొరకు, చలానా రసీదు కొరకు వరుసలలో నిలుచున్నవాడే ఆ నవ్వు విలువను ఎరుగును. విశేషమేమనగా, ఆయన ఆ అధికారిని ఎన్నడును ద్వేషముతో చిత్రింపలేదు. తానును ఒకనాడు ఆ కుర్చీల నడుమ మెలగినవాడగుటచే, వాని డాంబికమును ఎండగట్టుచునే వాని ఒంటరితనమును గూడ చూపగలిగినారు. ప్రజానాట్యమండలి ఇచ్చిన తీక్ష్ణదృష్టి, ప్రభుత్వోద్యోగము ఇచ్చిన సానుభూతి ఒకే నటునిలో కలియుట తెలుగు ప్రేక్షకుల అదృష్టము.

తక్కిన విషయములను సంగ్రహముగా చెప్పి ముందునకు సాగుదును. 1997లో ‘తోకలేని పిట్ట’ అను చిత్రమునకు ఆయన దర్శకత్వము వహించినారు. నంది పురస్కారము అందుకొన్నారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలమున రాష్ట్ర సాంస్కృతిక మండలికి అధ్యక్షులుగా పనిచేసినారు. ఉపగ్రహ చానెళ్ల యుగము వచ్చిన తరువాతను చిన్నతెరను విడువక, సాక్షి టెలివిజన్‌లో ‘డింగ్ డాంగ్’ అను రాజకీయ వ్యంగ్యకార్యక్రమమును నడిపినారు.

ఇక ఒక విమర్శ చేయక తప్పదు. అది ఆయన మీద గాదు, ఆయనను వినియోగించుకొన్న తీరు మీద. 2001 తరువాత ఆయన సంవత్సరమునకు ఎన్నో చిత్రములలో నటించినారు. మొత్తము వందల సంఖ్యలో ఉండును. కాని వానిలో అత్యధికభాగము కథతో సంబంధము లేని రెండు మూడు దృశ్యములే. నాయకుడు అల్లరి చేయుటకు ఎదుట ఒక మేష్టారు కావలెను, పిలుపు ధర్మవరపుకు. చెంపదెబ్బ తినుటకు ఒక అధికారి కావలెను, పిలుపు ధర్మవరపుకే. రేలంగిగారికి, రమణారెడ్డిగారికి ఆనాటి చిత్రములలో మొదటి నుండి చివర వరకు సాగు పాత్రలుండెడివి. వారి హాస్యము కథతో పాటు పెరిగి, కథతో పాటు ముగియుచుండెను. 1970లో రేలంగి వెంకటరామయ్యగారికి పద్మశ్రీ లభించుట ఆ స్థానమునకు గుర్తింపే. క్రమముగా హాస్యము కథ నుండి విడివడి, వేరొక పళ్లెములో వడ్డించు నంజుడు వలె మారిపోయినది. అట్టి కాలమున వచ్చిన మహానటునికి సైతము తన పాత్రకు పూర్వాపరములు కల్పించుకొను వ్యవధి చిక్కదు. ధర్మవరపు ప్రతిభ యంతటిది రెండు నిమిషములలోనే మనిషి చరిత్రను స్ఫురింపజేయ గలిగినది గాని, ఆయనకు ఒక సంపూర్ణమైన పాత్రను, ఇంటిలో భార్యతో, కచేరీలో పై అధికారితో, వీధిలో అప్పులవానితో ఒకే మనిషి ఎట్లు మారుచుండునో చూపు పాత్రను, చిత్రసీమ చాలినన్ని మారులు ఈయలేదు. ఇది పరిశ్రమ స్వయముగా చేసికొన్న నష్టము. ఆ వెలితిని పూరించినది దూరదర్శనమే. తెర మీద ఆయన నిలిచి, కూర్చుండి, ఆలోచించి, మాట మార్చుకొని, మరల మొదలుపెట్టు తీరిక అక్కడ లభించినది. 2001 నుండి 2007 వరకు జెమిని చానెల్‌లో సాగిన ‘అమృతం’ను చూచినను ఈ సత్యమే గోచరించును, చలనచిత్రములలో అరకొర పాత్రలు ధరించిన గుండు హనుమంతరావుగారు ఆ ధారావాహికలో ఎంతటి నిండైన మనిషిగా నిలిచినారో తెలుగువారందరు ఎరుగుదురు.

2013 నవంబరు 8న ఏ.వి.ఎస్.గారు పోయినారు, సరిగా నెల తిరుగక ముందే ధర్మవరపు పోయినారు, 2015 జనవరి 23న ఎం.ఎస్. నారాయణగారు పోయినారు. ఒక తరము తెలుగు హాస్యము పదునాలుగు నెలలలో అంతరించినట్లయినది. వారి చలనచిత్రములు ఏదో ఒక చానెల్‌లో ప్రతిదినము వచ్చుచునే ఉన్నవి గనుక ఆ నష్టము మనకు పూర్తిగా తెలియరాలేదు. కాని చిన్నతెర కృషి సంగతి వేరు. చలనచిత్రమునకు ప్రింట్లుండును, పంపిణీదారులుందురు, పూనాలో 1964 నుండి జాతీయ చలనచిత్ర భాండాగారము కలదు. టెలివిజన్ కార్యక్రమమునకు ఉన్నది ఒక్క టేపు. ఆ టేపు వెల ఎక్కువ. ఒకమారు ప్రసారమైనదానిని తుడిచి మరల వాడుకొనుట లోకమంతట జరిగినదే. ఇంగ్లండులో బి.బి.సి. వంటి సంస్థయే 1960, 70 దశకములలో ఈ పని చేసినందున, పీటర్ కుక్, డడ్లీ మూర్ అను హాస్యనటుల కార్యక్రమములలో పెద్దభాగము నశించినది. ‘డాడ్స్ ఆర్మీ’ అను సుప్రసిద్ధ హాస్య ధారావాహికలో మూడు భాగములు ఇప్పటికిని చిత్రరూపమున దొరకలేదు. అక్కడ కొన్ని కార్యక్రమములు తిరిగి లభించినవనిన, వానిలో కొన్ని దొరికినది ఎవరో వ్యక్తుల ఇండ్లలో దాచియుంచిన ప్రతుల వలననే.

కావున ఈ సభాముఖమున మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది ప్రసారభారతికి: రామంతాపుర కేంద్రములో ‘ఆనందోబ్రహ్మ’ మొదలుగా ధర్మవరపు నటించిన కార్యక్రమముల టేపులు ఎన్ని మిగిలియున్నవో జాబితా ప్రకటించి, మిగిలినవానిని డిజిటల్ రూపమున భద్రపరచి, ప్రజలకు అందుబాటులో ఉంచవలెను. రెండవది మన విశ్వవిద్యాలయముల రంగస్థల కళాశాఖలకు: తెలుగు హాస్యనటనను పాఠ్యాంశముగా స్వీకరించి, వాచికాభినయమునకు ఉదాహరణగా ఆయన దృశ్యములను విద్యార్థుల ముందుంచవలెను. మూడవది మీకే. చైతన్యపురి, సరూర్‌నగర్, కొత్తపేట, గడ్డిఅన్నారం ఇండ్లలో ఆ రోజులలో వి.సి.ఆర్. ఉన్నవారు ఎందరో కలరు. ఇష్టమైన కార్యక్రమమును క్యాసెట్టు మీద పట్టుకొని దాచుకొనుట అప్పటి అలవాటు. అటక మీదనో, ఇనుప బీరువా అడుగుననో అట్టి క్యాసెట్లున్నవేమో వెదకుడు. పెట్టె మీద పేరు లేకున్నను పారవేయకుడు. నాటకముల కరపత్రములు, ఛాయాచిత్రములు, ఆయనతో కలిసి రంగస్థలము మీద పనిచేసినవారి జ్ఞాపకములు ఏవియున్నను దయచేసి ఈ సభ నిర్వాహకులకు అందజేయుడు. ఫిల్మ్ రీలు కంటె ముందుగా అయస్కాంతపు టేపు చెడిపోవును గనుక ఈ పని ఆలస్యము చేయదగినది కాదు.